పెళ్ళికి పంతులుగారిని ఆన్‌లైన్‌లో బుక్ చేశాం: సర్వీసుకి రెండు స్టార్లు, పంతులుగారికి ఐదు

గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పంతుళ్ళని ఫోన్‌లో బుక్ చేసుకునే సర్వీసులు ఇప్పుడు బాగానే వచ్చాయి. ఊరి పురోహితుడు పెద్దవాడైపోయి, ఆయన పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉంటే మరి దారేముంది, మంచి లగ్నాలున్న రోజుల్లో ఒక్క పంతులుగారిని నాలుగు ఇళ్ళవాళ్ళు పట్టుకుని లాగుతుంటారు. ఈ వైశాఖంలో మా చెల్లి పెళ్ళికి మేం కూడా అలాంటి సర్వీసే వాడాం. పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు ఆ ఒక్కళ్ళ మీదే అయితే రాసేవాడినేమో గానీ, ఈ పని చేసే వేరేవాళ్ళ ఫారాలు కూడా తెరిచి చూశాను, చాలావరకు అలాగే ఉన్నాయి.

ముందు పని సంగతి చెప్తాను. మేం తీసుకున్నది 25,116 రూపాయల ప్యాకేజీ. ఒక ప్రధాన పురోహితుడు, ఒక సహాయకుడు, పూజా సామాగ్రి వాళ్ళదే. మేళం మనదే. సామాగ్రి పెట్టె పెళ్ళికి ముందురోజు సాయంత్రానికే హాలుకి వచ్చేసింది. పసుపు, కుంకుమ మంచివి, ఆవునెయ్యి నిజంగా ఆవునెయ్యే, సమిధలు బాగా ఎండినవి ఇచ్చారు కాబట్టి హోమం దగ్గర పొగ పెద్దగా రాలేదు. అక్షింతల బియ్యంలో మాత్రం సగం నూకలు, మా పిన్ని చేట తెప్పించుకుని కూర్చుని చెరిగింది. అడ్డుతెరకి పాలిస్టర్ గుడ్డ పెట్టారు. మాది బండార్లంక వైపు నేత కుటుంబం, మా ఇంటి పెళ్ళిలో ఆ గుడ్డ అడ్డం పెడితే మా నాన్న ఊరుకోరు, తెరా మధుపర్కాలూ ఆయనే మగ్గం మీద నేశారు. కొబ్బరి బొండాలకి కూడా లిస్టులో ధర వేశారు, కోనసీమలో ఆ ఐటమ్ ఎందుకండీ అంటే తీసేశారు, మిగతా బేరం ఏమీ లేదు. సామాగ్రి వరకూ నాకు పేచీ లేదు.

పేచీ అంతా ఫారం దగ్గర. బుక్ చేసేటప్పుడు ముహూర్తం, ఊరు, హాలు అడగడం సహజం. ఆ తర్వాత వధువు కులం, వరుడి కులం, వధువు గోత్రం, వరుడి గోత్రం అని నాలుగు గడులు ఉన్నాయి, నాలుగూ నింపకపోతే ముందుకి కదలదు. కులం గడిలో నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది, బ్రాహ్మణుల్లో శాఖలు వేరువేరుగా ఉన్నాయి, వైశ్యులు, క్షత్రియులు, ఆ తర్వాత మన జిల్లాల్లో పేరున్న నాలుగైదు కులాలు, చివర్లో 'ఇతరులు'. మేం దేవాంగులం, మాకే అందులో చోటు లేదు. పెళ్ళికొడుకు వాళ్ళది రాజోలు అవతల గోదావరి వసిష్ఠ పాయ గట్టు మీద ఊరు, మాదిగ కుటుంబం. ఇద్దరూ కాకినాడలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. రెండిళ్ళూ కలవడానికి పట్టిన సమయం, జరిగిన మాటలు ఇక్కడ అనవసరం, కలిశాయి, సంతోషంగా కలిశాయి.

'ఇతరులు' అని పెట్టి పంపిస్తే కాసేపట్లో ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి చాలా మర్యాదగానే మాట్లాడింది, "సార్, ఇతరులు అంటే ఏ కులం అండి?" అని అడిగింది. చెప్పాను. హోల్డ్‌లో పెట్టి వచ్చి, ఇది స్పెషల్ కేటగిరీ కిందికి వస్తుందండి, 8,000 ఎక్కువ అవుతుంది, ఎవరొస్తారో కన్ఫర్మ్ అయ్యాక చెప్తాం అంది. గోత్రం సంగతి అడిగితే, తెలియకపోతే కాశ్యప అని కొట్టేయండి సార్, అందరూ అదే చేస్తారు అంది. ఒప్పుకున్న పంతులుగారు రెండు రోజుల తర్వాత తప్పుకున్నారు. ఆయనే స్వయంగా ఫోన్ చేశారు, అది ఒక విధంగా మంచితనమే అనుకోండి. "ఇది ప్రతిలోమం బాబూ, శాస్త్రం ఒప్పుకోదు" అన్నారు. అంటే ఆడపిల్లది పై మెట్టు, మగపిల్లాడిది కింది మెట్టు అని ఆయన లెక్క. పెళ్ళి దగ్గరపడుతోంది, శుభలేఖలు పంచేశాం, ఇంట్లో అందరికీ టెన్షన్.

శాస్త్రం మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. మహాభారతం ఆదిపర్వంలో యయాతి కథ ఉంది. శుక్రాచార్యుడి కూతురు దేవయాని బ్రాహ్మణ కన్య, యయాతి క్షత్రియుడు, అచ్చంగా ప్రతిలోమం. యయాతి అదే మాట అంటూ భయపడితే, తప్పు లేదు చేసుకో అని పిల్లనిచ్చింది సాక్షాత్తూ శుక్రాచార్యుడే. ఆ దేవయాని కొడుకు యదువు. యదువంశంలో పుట్టినవాడు శ్రీకృష్ణుడు. ఆ పెళ్ళి శాస్త్రం ఒప్పుకోనిదైతే మరి కృష్ణాష్టమి నాడు మనం ఉట్టి ఎవరి కోసం కొడుతున్నట్టు? ఇంకో సంగతి, ముంగండ అగ్రహారం వాడని మన కోనసీమ అంతా గర్వంగా చెప్పుకునే జగన్నాథ పండితరాయలు షాజహాన్ కొలువులో ఉన్న మహాకవి, లవంగి అనే ముస్లిం అమ్మాయిని చేసుకున్నాడనీ, అందుకు కాశీ పండితులు వెలివేస్తే గంగే మెట్లెక్కి వచ్చిందనీ మన పెద్దవాళ్ళే కథగా చెప్తారు. ఆ కథలో గంగ ఎవరి పక్షాన నిలబడిందో చూడండి.

చట్టం సంగతి ఇంకా తేట. కులాలు వేరైనంత మాత్రాన హిందువుల పెళ్ళి చెల్లకుండా పోదని 1949లోనే చట్టం వచ్చింది, తర్వాత 1955 హిందూ వివాహ చట్టం పెట్టిన పెళ్ళి షరతుల్లో కులం ఊసే లేదు. అదే 1955లో వచ్చిన పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఒకటి ఉంది, మొదట్లో దాని పేరు అంటరానితనం నేరాల చట్టం, 1976లో పేరు మార్చి గట్టిపరిచారు. అందులో ఆరో సెక్షన్ వ్యాపారం చేసేవాళ్ళ గురించే. అంటరానితనం కారణంగా ఎవరికైనా సరుకు అమ్మననడం గానీ, మిగతావాళ్ళకి ఏ షరతుల మీద సేవ చేస్తున్నారో అదే చోట అవే షరతుల మీద చేయననడం గానీ నేరం. 8,000 ఎక్కువ అనేది అవే షరతులు ఎలా అవుతాయి? ఇది నేను మెయిల్‌లో రాసి పంపాను, కోపంగా కాదు, సెక్షన్ నంబరు వేసి మామూలుగా రాశాను. సాయంత్రానికి ఎక్స్‌ట్రా తీసేశారు. మేనేజర్ గారు ఫోన్ చేసి, "మా తప్పేం లేదండి, పంతుళ్ళు రాకపోతే మేమేం చేస్తాం" అన్నారు. రాని పంతులుగారిని బలవంతంగా పీటల మీద కూర్చోబెట్టమని ఎవరూ అడగరు. కానీ రాకపోవడానికి ఒక రేటు కట్టి ఆ రేటు పెళ్ళివాళ్ళ దగ్గర వసూలు చేయడం వాళ్ళు పెట్టుకున్న పద్ధతే కదా. ఒక స్టారు అక్కడ పోయింది.

చివరికి వాళ్ళు పంపిన పంతులుగారు పి.గన్నవరం వైపు నుంచి వచ్చారు. అరవై దాటిన మనిషి, ముందురోజే హాలుకి వచ్చి మండపం దిక్కు చూసుకుని, మైకు పరీక్ష చేసుకుని, రెండు ఇళ్ళ పెద్దవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడారు. నేను ఆయన్ని మొదట అడిగింది ఒకటే, వేదోక్తంగా చేస్తారా పురాణోక్తంగా చేస్తారా అని. తెలియనివాళ్ళ కోసం చెప్తాను, కొన్ని కులాలకి వేద మంత్రాలు వదిలేసి శ్లోకాలతో కానిచ్చే పద్ధతి ఒకటుంది, శ్లోకాలతో చేసిన పెళ్ళి తక్కువని కాదు, అది మనకి చెప్పకుండా చేయడమే నాకు అభ్యంతరం. డబ్బు ఒకటే, పని వేరు. ఆయన నవ్వి, "మంత్రం నోట్లో ఉన్నది చదవడానికే కదా బాబూ, మొత్తం చదువుతాను, గంటన్నర పడుతుంది, ఫొటోలవాళ్ళు మధ్యలో ఆపమంటే మాత్రం ఆపను" అన్నారు. ఆ మాటతో మా నాన్నకి ప్రాణం లేచి వచ్చింది. మీ ఊళ్ళో మిమ్మల్నేమీ అనరా అని అడిగితే, అనేవాళ్ళు అంటారు, అననివ్వండి అన్నారు, అంతకు మించి ఆ విషయం మీద మాట్లాడలేదు.

గోత్రం దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నగారు కొంచెం తడబడ్డారు. ఫారంలో కాశ్యప అనే ఉంది. పంతులుగారు ఆ కాగితం పక్కన పెట్టి, వాళ్ళ మామ్మగారి వైపు తిరిగి, "అమ్మా, మీ ఇంట్లో పెద్దలు ఏమని చెప్పుకునేవారు?" అని అడిగారు. ఆవిడ ఏ తొట్రుపాటూ లేకుండా, "మాది జాంబవంతుల వంశం అండి. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందు పుట్టాడంట మా తాత" అన్నారు. మాదిగల కులపురాణంలో ఉన్న మాట అది, ఆది జాంబవుడు సృష్టికంటే పెద్దవాడు. పంతులుగారు, "అలాగే చెప్తానమ్మా" అని రాసుకున్నారు.

గోత్రం అడగడం మీద నాకు కోపం లేదు, అడిగే పద్ధతి మీదే. ఛాందోగ్య ఉపనిషత్తులో సత్యకాముడు అనే కుర్రాడు చదువుకోవాలని హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్తాడు. నీ గోత్రం ఏమిటని గురువు అడుగుతాడు. వాడు వెళ్ళేముందే తల్లిని అడిగాడు, ఆవిడ పేరు జబాల, నాయనా నేను పడుచుతనంలో పలు ఇళ్ళల్లో పనిచేస్తూ నిన్ను కన్నాను, నీ గోత్రం నాకు తెలియదు, నువ్వు జబాల కొడుకు సత్యకాముడివని చెప్పుకో అంది. వాడు గురువు ముందు అదే మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. గౌతముడు ఏమన్నాడు? సత్యం తప్పలేదు, సమిధలు తీసుకురా, ఉపనయనం చేస్తాను అన్నాడు. గడి నింపకపోతే ముందుకి కదలదు అనలేదు. ఏదో ఒకటి కొట్టేయమనీ అనలేదు.

అసలు మన డెల్టాలో గోత్రాల గురించి గర్వపడేవాళ్ళు ఒకసారి పటం చూడాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి విడిపోయి సముద్రానికి వెళ్ళే పాయల పేర్లు గౌతమి, వసిష్ఠ, ఇంకా పాత లెక్కలో ఆత్రేయ, భారద్వాజ, కౌశిక. అన్నీ ఋషుల పేర్లే, అన్నీ గోత్రాల పేర్లే. వైనతేయ ఉంది, అది గరుత్మంతుడి పేరు. బండార్లంకలో అద్దకానికి కలిపే నీళ్ళూ, రాజోలు చేలకి పారే నీళ్ళూ, అగ్రహారంలో సంధ్యావందనానికి తీసుకునే నీళ్ళూ ఆ ఋషుల పేరున్న కాలవల్లోవే. ఆ వసిష్ఠుడికి మనవడు పరాశరుడు, పరాశరుడికి జాలరి అమ్మాయి సత్యవతి కన్న కొడుకు వ్యాసుడు. అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలిసే చోట వలలు వేసే కుటుంబాలని చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. వేదాన్ని నాలుగుగా విభజించిన మనిషి వాళ్ళింటి మనవడు. అంతర్వేది నరసింహస్వామి గుడి కట్టించడానికి డబ్బు పెట్టింది కూడా, చేపలు పట్టే వృత్తి ఉన్న అగ్నికుల క్షత్రియుల్లో పుట్టిన కొపనాతి కృష్ణమ్మ గారు, బెండమూర్లంక పడవల వ్యాపారి.

పెళ్ళి రోజు సంకల్పం చెప్తూ పంతులుగారు కాటన్ దొర శ్లోకం చదివారు. మన జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కాదు, "స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం" అని, నిత్యం గోదావరి స్నాన పుణ్యం ఇచ్చిన ఆ ఆంగ్లేయ దేశపు భగీరథుణ్ణి తలుచుకుంటున్నాను అని. 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు, డెల్టా బతికింది, కృతజ్ఞత మంత్రంలోకి ఎక్కింది. నాకు ఈ శ్లోకం అంటే చాలా ఇష్టం. సముద్రం అవతలి నుంచి వచ్చిన, వేరే మతం, వేరే భాష మనిషికి సంకల్పంలో భగీరథుడి చోటు ఇచ్చిన పురోహితులు మనవాళ్ళు. ఆ ఆనకట్టకి మట్టి మోసినవాళ్ళు, కాలవలు తవ్వినవాళ్ళు, ఆ చేలల్లో తరతరాలుగా నాట్లేసి కోసినవాళ్ళు ఎవరు? వాళ్ళ మునిమనవడి పెళ్ళికి స్పెషల్ కేటగిరీ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు చెప్పబోయేది ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. పెళ్ళిలో ప్రవర చెప్పే ఘట్టం ఉంటుంది కదా, ఇరువైపులా ముత్తాత, తాత, తండ్రి పేర్లు, ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని మూడుసార్లు పలుకుతారు. చాలా పెళ్ళిళ్ళలో ఆ సమయానికి జనం భోజనాల దగ్గర ఉంటారు, వీడియో అతను లైట్లు సర్దుకుంటూ ఉంటాడు. మా పెళ్ళిలో పంతులుగారు మేళాన్ని ఆపించారు. పెళ్ళికొడుకు ముత్తాతగారు ఒక ఆసామి దగ్గర బతుకంతా పాలేరుగా చేసిన మనిషి, ఊళ్ళో చిన్నపిల్లాడితో సహా ఆయన్ని 'గాడు' తగిలించే పిలిచారట, చివరిదాకా. ఆ పేరు మైకులో, ఏ తోకా లేకుండా, ముందు గౌరవంగా శ్రీ పెట్టి, జాంబవ వంశోద్భవస్య అని మొదలుపెట్టి మూడుసార్లు పలికారు. మామ్మగారు ఆయన కోడలు. లేచి నిలబడ్డారు. ఆవిడ నిలబడితే వాళ్ళవైపు వాళ్ళంతా లేచారు, మా వాళ్ళకి మొదట అర్థం కాలేదు, తర్వాత మా నాన్న లేచారు, ఆయన్ని చూసి మేమందరం లేచాం. హాలు అమలాపురంలో. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవై మంత్రిగారి ఇల్లూ ఎమ్మెల్యేగారి ఇల్లూ తగలబడిన ఊరు ఇదే, ఆ రోజు ఇంటర్నెట్ ఆగిపోతే బయటికి రాలేక ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్న వాళ్ళు రెండు వైపులా ఉన్నారు. పేరుకి ఎంత బరువు ఉంటుందో అక్కడున్న వాళ్ళెవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముహూర్తం రాత్రిది కాబట్టి అరుంధతీ దర్శనం నిజంగా ఆకాశం కిందే జరిగింది. పగటి పెళ్ళిళ్ళలో మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీసుకెళ్ళి వేలు చూపిస్తారే, అలా కాదు. వైశాఖంలో రాత్రి తొలిజాము దాటితే సప్తర్షి మండలం ఉత్తరాన బాగా పైకి వస్తుంది, తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని చిన్న చుక్క అరుంధతి. పంతులుగారు మేడ మీదికి తీసుకెళ్ళి ఓపిగ్గా చూపించారు, కనబడేదాకా కిందికి దించలేదు. అప్పుడు మామ్మగారు పెళ్ళికూతురి గడ్డం పట్టుకుని, "బాగా చూడమ్మా, మా ఆడపిల్లే" అన్నారు.

అక్కడ మొదలైన మాటలు భోజనాల దాకా సాగాయి. వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకునే కథలో వసిష్ఠుడు ఇసుక చేత్తో పట్టుకుని ఊరూరా తిరుగుతాడు, దీన్ని వండి అన్నంగా పెట్టగలిగిన పిల్లనే పెళ్ళాడతానని. పెద్ద పెద్ద ఇళ్ళ పిల్లలు నవ్వి పంపించేస్తారు. మాతంగుల, అంటే మాదిగల వాడలో అరుంధతి మాత్రం ఎసరు పెట్టి వండి వడ్డిస్తుంది. అందుకే మాదిగలు తమని అరుంధతీయులని చెప్పుకుంటారు, ఆ పేరుతో సంఘాలే ఉన్నాయి. భాగవతంలో అయితే అరుంధతి కర్దమ ప్రజాపతి కూతురు. శివపురాణంలో బ్రహ్మ మానసపుత్రిక సంధ్య మరుజన్మలో అరుంధతిగా పుట్టింది. మరి మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో అధమ యోనిలో పుట్టిన అక్షమాల వసిష్ఠుణ్ణి చేరి పూజ్యురాలైంది అని ఉంది, ఆ అక్షమాల అరుంధతే అని చాలామంది పండితుల మాట. పంతులుగారే ఇవన్నీ చెప్పారు, ఏదీ దాచలేదు, అది ఆయనలో నాకు బాగా నచ్చింది.

పెళ్ళికొడుకు చెల్లెలు లా చదువుతోంది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "అదేంటండీ పంతులుగారూ, ఆయన్ని చేసుకోబట్టి పూజ్యురాలైందా? ముందు కాదా?" అని అడిగింది. ఆయన ఆ ముందు శ్లోకం కూడా చెప్పారు, నది సముద్రంలో కలిసినట్టు భార్య భర్త గుణాలనే పొందుతుంది అని మనువు అంటాడట. ఆ అమ్మాయి వెంటనే, "మా మామ్మ కథలో అలా లేదు. మా కథలో పరీక్ష నెగ్గింది అరుంధతి. వసిష్ఠుడు ఆవిడ వండిన అన్నం తిన్నాడు" అంది. పంతులుగారు కాసేపు ఆలోచించి, "నిజమే తల్లీ, మీ కథలో ఆవిడే పెద్దది" అన్నారు.

నేను ఆ రెండు కథల తేడా గురించి అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. మనుస్మృతిలో అరుంధతి ఒక మినహాయింపు, పెద్దాయన చేయి పట్టుకుంటే గట్టెక్కిన మనిషి. మామ్మగారి కథలో ఆవిడ చేతి వంట తినడానికి ఋషి వాడకి వచ్చాడు. ఊరు ఎవరి వంట ముట్టదో, ఎవరికి గ్లాసు వేరుగా పెడుతుందో తెలిసిన వాళ్ళు అల్లుకున్న కథ అది, అందులో ఋషికి పెట్టిన పరీక్ష కూడా ఉంది, తింటాడా తినడా అని. తిన్నాడు కాబట్టే ఆకాశంలో ఆవిడ పక్కన చోటు దొరికింది. మన సమాజంలో ప్రతి కులానికీ ఇలాంటి పురాణం ఒకటి ఉంది. మాకు దేవల మహర్షి, దేవతలకి మొదటి బట్ట నేసినవాడు. పద్మశాలీలకి మార్కండేయుడి కొడుకు భావనారుషి. విశ్వబ్రాహ్మణులకి విశ్వకర్మ అయిదు ముఖాల నుంచి వచ్చిన ఋషులు, వాళ్ళ పెళ్ళిళ్ళకి వాళ్ళ పురోహితులే ఉంటారు. ఇవన్నీ కట్టుకథలని కొట్టిపారేసేవాళ్ళని చూశాను, పైకులం వాళ్ళని అనుకరించడం అనేవాళ్ళనీ చూశాను, కొంత నిజమే కావచ్చు. కానీ మా నాన్న మగ్గం ముందు దీపం పెట్టి దేవలుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆయన ఎవరినీ అనుకరించడం లేదు, తన పని గొప్పదని చెప్పుకుంటున్నాడు. ఇబ్బంది ఎక్కడంటే, దేవలుడి కథ చెప్పుకునే మా ఇళ్ళల్లోనే జాంబవంతుడి కథ చెప్పుకునే వాళ్ళని గుమ్మం అవతల నిలబెట్టాం. ఎవరి పురాణం వాళ్ళకి గౌరవం ఇచ్చింది, పక్కవాడికి ఇవ్వమని మాత్రం చెప్పలేదు. ఆ మాట మనమే ఇప్పుడు చెప్పుకోవాలి.

పేరు మార్చుకోవడం వెనక కూడా ఇదే ఆరాటం. 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన సభ జరిగితే, పంచములు అన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని తీర్మానించుకున్నారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు, మామిడికుదురులో బోయి భీమన్న గారు, ఆ దళిత కవులిద్దరూ పుట్టిన నేల ఇది. ఇంత చరిత్ర ఉన్న చోట 'ఇతరులు' అని ఒక్క మాటలో సగం జనాన్ని పడేసే ఫారం తయారు చేయడానికి మనసెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

సర్వీసు వాళ్ళు మార్చాల్సినవి చెప్తాను, ఇదంతా వాళ్ళకీ రాశాను. కులం గడి తీసేయండి, పెళ్ళి జరిపించడానికి అది అక్కర్లేదు. ఏ సంప్రదాయంలో కావాలో అడగండి చాలు, వైదికమా, వైఖానసమా, వీరశైవమా, విశ్వబ్రాహ్మణ పద్ధతా అని. గోత్రం గడి ఉంచుకోండి గానీ ఖాళీగా వదలనివ్వండి, ఆ సంగతి పంతులుగారు పెద్దవాళ్ళని అడిగి తెలుసుకుంటారు. మాల దాసర్లు, జంగాలు, సాతానులు ఎన్నో తరాలుగా ఎంతోమందికి పెళ్ళిళ్ళు చేయించారు, వాళ్ళు మీ జాబితాలో ఒక్కరూ లేరు, చేర్చండి. వేదోక్తమో పురాణోక్తమో ముందే రాయండి. పెళ్ళికొడుకు వాళ్ళ బంధువుల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు, మన డెల్టాలో అది మామూలే, వాళ్ళ కోసం పంతులుగారు ఏడడుగుల అర్థం తెలుగులో మైకులో చెప్పారు, ఏడో అడుగు స్నేహం కోసం అని చెప్పినప్పుడు ఒక పాస్టరుగారు చప్పట్లు కొట్టారు. అలా అర్థం చెప్పడం ప్యాకేజీలో భాగం చేయండి, దానికి డబ్బు తీసుకున్నా ఎవరూ బాధపడరు.

వాళ్ళ జవాబు "ఫీడ్‌బ్యాక్ టీమ్‌కి పంపాం" అని వచ్చింది. ఫారం మొన్న తెరిచి చూశాను, గడి అలాగే ఉంది. డబ్బు విషయంలో ఇంకొకటి, ప్యాకేజీ మొత్తంలో పంతులుగారికి అందేది సగం కంటే తక్కువని ఆయన ద్వారానే తెలిసింది, కాబట్టి దక్షిణ విడిగా చేతికివ్వండి. సహాయకుడు కుర్రాడు, బాగా చదివాడు, అతనికీ ఇవ్వండి.

మీరు బుక్ చేసుకునేటట్టయితే సామాగ్రి కోసం ఈ సర్వీసు ఫరవాలేదు, బియ్యం మాత్రం ఇంటివి పెట్టుకోండి. పంతులుగారిని మాత్రం ముందే ఫోన్‌లో మాట్లాడించమని గట్టిగా అడగండి, మాట్లాడకుండా అడ్వాన్స్ కట్టవద్దు. శ్రావణంలో పెళ్ళికొడుకు వాళ్ళు రాజోలులో కొత్త ఇల్లు గృహప్రవేశం పెట్టుకున్నారు, దానికి మామ్మగారే స్వయంగా పంతులుగారికి ఫోన్ చేసి చెప్పారు. ముహూర్తం కాగితం వాట్సాప్‌లో వచ్చింది, సామాగ్రి లిస్టు మా నాన్నకి పంపమన్నారు, పట్టుబట్టలు నేసే పని మగ్గం మీద మొదలైంది.